ముసుగులో మాటలు

ఆ గొంతు ఎవరిదో ముగ్గురికీ తెలిసిపోయింది. అయినా ముగ్గురిలో ఒక్కరం కూడా పైకి అనలేదు.

బల్ల మీద కంప్యూటర్లో వీడియో నడుస్తూనే ఉంది. కొండ మీద, తల్లి లేని ఎలుగు పిల్లల్ని సాకే దొడ్డి. మూలన ఎండుగడ్డి. గడ్డిలో గుప్పెడంత ఎలుగుబంటి పిల్ల. దాని ముందు పాలసీసా పట్టుకుని గొంతుక్కూర్చున్న ముసుగు మనిషి.

ఆ ముసుగు గురించి మా ఆయన నాకు పెళ్ళికి ముందే చెప్పాడు. వేరే అబ్బాయిలు సినిమాల గురించి చెబుతారు. ఈయన ఎలుగు పేడ గురించి చెప్పాడు. అక్కడే పడిపోయాను నేను.

పాత దుప్పట్లు కలిపి కుట్టిన ముసుగు అది. నెత్తి మీంచి మడమలదాకా కప్పుతుంది. దాని మీద ఎలుగు పేడ, కుళ్ళిన ఆకులు పులుముతారు. దొడ్డిలో పెరిగిన పిల్ల తిరిగి అడవిలో బతకాలంటే మనిషి ముఖం చూడకూడదు. మనిషి వాసన తెలియకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా మనిషి గొంతు వినకూడదు. గొంతు విన్న పిల్లకి మనిషంటే భయం పోతుంది. భయం పోయిన ఎలుగు ఎక్కువకాలం బతకదు.

ఇక్కడేమో ఆ ముసుగు మాట్లాడుతోంది.

"తాగరా బుజ్జోడా. ఊఁ, ఇంకొంచెం. అమ్మ రాదురా. ఎక్కణ్ణించొస్తుంది? నువ్వు తాగితే గానీ నేనిక్కణ్ణించి లేవను. చూస్కో మరి."

శబ్దం పెట్టింది నేనే. దొడ్డి కెమెరా వీడియోలు ఎప్పుడు చూసినా శబ్దం తీసేసే చూస్తారు. మాట్లాడేవాళ్ళు లేనిచోట వినడానికేముంటుంది? మా ఆయన పొద్దుట్నుంచి పాతవన్నీ ముందేసుకుని, ఎక్కడ పొరపాటు జరిగిందా అని గుడ్లప్పగించి చూస్తున్నాడు. పాలు తాగేటప్పుడు ఎలుగుపిల్లలు తేనెటీగల్లా గుయ్యిమంటాయని ఒకసారి అన్నాడు కదా, ఆ గుయ్యిమనడం వినాలని నా సరదా. చెయ్యి చాపి శబ్దం పెంచాను.

గుయ్యిమనడమూ వినిపించింది. దాని మీదుగా మామయ్యగారి గొంతు కూడా.

అత్తయ్యే ముందు నోరు విప్పింది.

"ఈయనకి ఇన్ని మాటలొచ్చా?"

"అమ్మా, ఇప్పుడదా విషయం?"

"నాకదే విషయం."

ఆవిడ చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయవని చెప్పుకోడానికి వీలుగా దాన్ని ముఖం దగ్గరే పెట్టుకుంది.

పెరటి తలుపు చప్పుడైంది. మామయ్యగారు బూట్ల మట్టి దులుపుకుని లోపలికొచ్చారు. అలవాటు ప్రకారం బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టారు. అలా తడితే టీ కావాలని. ఒకసారి తడితే మంచినీళ్ళు. నేను కాపరానికొచ్చిన మొదటి వారంలోనే అత్తయ్య ఈ భాష నేర్పింది. భలే ఉందే అని నవ్వుకున్నాను అప్పుడు.

ఇవాళ తట్టినా ఎవరం కదల్లేదు.

"చలేస్తోందేంట్రా? ఇలా రా, దుప్పట్లోకి దూరు," అంది కంప్యూటరు.

మామయ్యగారి వేలు బల్ల మీదే ఆగిపోయింది.

"నాన్నా," అన్నాడు మా ఆయన. లేచి నిలబడ్డాడు. "దొడ్డి తలుపు మీద 'ఇక్కడ మాట్లాడరాదు' అని బోర్డుంది. ఎవరు రాశారది?"

మామయ్యగారు బల్ల మీంచి వేలు తీశారు.

"ఎవరు రాశారు నాన్నా?"

"నేనే."

"ఈ కొండల్లో ఒక్కో రేంజరుకీ ముసుగేసుకోవడం నేర్పిందెవరు? దగ్గొస్తే పిడికిలి నోట్లో కుక్కుకోవాలని చెప్పిందెవరు? లోపల తుమ్మాడని నా స్నేహితుణ్ణి దొడ్డి పనిలోంచి తీయించిందెవరు?"

"నేనే."

"మరి?"

మామయ్యగారు నేల చూశారు. మా ఆయన కంప్యూటరు మూత దబ్బున వేశాడు. ఆ గొంతు ఆగింది. ఇల్లంతా ఒక్కసారి బోసిపోయింది.

"ఈ పిల్లకి మనిషి అలవాటు అంటలేదని ఇక్కడి రేంజరుగా పై ఆఫీసుకి మాటిచ్చింది నేను. నన్ను చూసి అడవిలోకి వదిలారు దాన్ని. ఇప్పుడు టీకొట్టు తాత చెయ్యి విరిగి కూర్చున్నాడు. అది ఆయన్ని కరవడానికి రాలేదు నాన్నా. కొట్లో రేడియో వార్తల్లో ఎవరో పెద్దాయన మాట్లాడుతుంటే విని, ఒళ్ళో కూర్చుందామని వచ్చింది. దాన్ని చూసి ఆ ముసలాయన బెంచీ మీంచి వెనక్కి పడ్డాడు."

"పాలు ముట్టలేదురా," అన్నారు మామయ్యగారు. చాలా చిన్నగా.

"ముట్టకపోతే డాక్టరమ్మని పిలవాలి. కబుర్లు చెప్పకూడదు. బుజ్జోడట! నన్నెప్పుడైనా అలా పిలిచారా మీరు?"

ఆ ప్రశ్న తన నోట్లోంచి వస్తుందని మా ఆయన కూడా అనుకోలేదనుకుంటాను. చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నిన్ను 'ఒరేయ్' అనడమే గగనం," అంది అత్తయ్య, ఉల్లిపాయ కింద పెట్టేస్తూ. "ఏమండీ, కొండ మీద నోరు మూసుకోవడం మీ ఉద్యోగం. ఒప్పుకున్నాను. రిటైరయ్యాక కూడా దొడ్డికి పోతూనే ఉన్నారు, సరే. ఇంట్లో కూడా మూసుకోమని ఎవరన్నారు? నాకు జ్వరమొస్తే తలుపు దగ్గర నిలబడి చూసి పోతారే. అప్పుడు 'చలేస్తోందా' అని అడగడానికి నేను కూడా గడ్డిలో పడుకోవాల్సిందా?"

నవ్వొచ్చే మాటే. ఎవరికీ నవ్వు రాలేదు.

బయట జీపు ఆగింది. జంతువుల డాక్టరమ్మ బురద బూట్లతోనే లోపలికొచ్చేసింది. మామూలుగా అయితే గుమ్మంలో విప్పుతుంది మనిషి. ఆ బూట్లు చూడగానే అర్థమైంది, తెచ్చింది మంచి కబురు కాదని.

"సాయంత్రందాకా గడువిచ్చారు," అంది కుర్చీ కూడా లాక్కోకుండా. "ఈలోగా దానికి మనిషంటే బెదురు పుట్టాలి. పుట్టకపోతే మత్తు సూది కొట్టి పట్టేయమన్నారు."

"పట్టేసి?" అన్నాను నేను.

"బోనులో పెడతారమ్మా. సిమెంటు గచ్చు, ఇనప కమ్మీలు. చచ్చేదాకా అంతే. ఒకసారి జనంలోకొచ్చిన ఎలుగుని మళ్ళీ వదలరు."

మా ఆయన నావైపు చూశాడు. తర్వాత వాళ్ళ నాన్న వైపు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు పాపం.

"దానికి అలవాటైన గొంతు ఎవరిదో తెలిసింది డాక్టర్," అన్నాడు చివరికి.

డాక్టరమ్మ అతని చూపు ఎటు పోయిందో చూసింది. ఆవిడకీ ముసుగేసుకోవడం నేర్పింది మామయ్యగారే. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"అయ్యో, సార్!"

ఆ ఒక్క మాటకే మామయ్యగారి భుజాలు కిందకి దిగిపోయాయి. కొడుకు అంతలా అరిచినా దిగలేదవి.

"తెలిసింది కాబట్టి ఒక దారుంది," అంది డాక్టరమ్మ. "ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. వాగవతల మీరు కూర్చుని, దానితో మాట్లాడినట్టే మాట్లాడండి. వస్తుంది. దగ్గరికి రాగానే మీ అబ్బాయి రాళ్ళ వెనకనుంచి రబ్బరు గుండు కొడతాడు. చర్మం చిట్లదు, కానీ గట్టిగానే తగులుతుంది. ఆ గొంతు వింటే నొప్పి వస్తుందని దానికి అర్థం కావాలి. వేరేవాళ్ళ గొంతుకి బెదిరి లాభం లేదు సార్. మీ గొంతుకే బెదరాలి."

"నావల్ల కాదు."

"సార్..."

"నావల్ల కాదమ్మా."

"మీవల్లే అయిందండీ ఇదంతా," అంది అత్తయ్య. "ఇప్పుడు కాకపోవడమేంటి?"

మామయ్యగారు ఆవిడకేసి చూశారు. ఏదో అనబోయారు. పెదవులు కదిలాయి కూడా. తర్వాత పెరట్లోకి వెళ్ళిపోయారు.

*

టీ పెట్టి నేనే తీసుకెళ్ళాను. నడవాలో మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కనుంచి పోతుంటే నా చిటికెనవేలు పట్టుకున్నాడు. నలుగురిలో 'మీరు', ఒంటరిగా ఉంటే 'నువ్వు' అనేది మా ఇద్దరి ఒప్పందం.

"నువ్వు కరెక్టే," అన్నాను.

"తెలుసు. అదే బాధ."

టీ తొణికింది. వేలు వదిలాడు. ఇంత కష్టంలోనూ ఆ వేలు ఎంతసేపు వెచ్చగా ఉండిపోయిందో! నాకే సిగ్గేసింది.

మామయ్యగారు పనిముట్ల పాకలో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. గోడకి తాళ్ళు, పారలు, గొలుసులు. వేటగాళ్ళ ఉచ్చులు అడవిలో దొరికినవి చుట్టలు చుట్టి మేకులకి తగిలించారు. బుజ్జోడి తల్లి పోయింది అలాంటి తీగలోనే.

టీ అందుకున్నారు. నేను వెళ్ళలేదు. పక్కనే చెక్కపెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను.

"అప్పుడది చచ్చిపోతోందమ్మాయ్," అన్నారు ఉన్నట్టుండి. "డాక్టరమ్మ గొట్టం వేసి పట్టించి వెళ్ళింది. అదీ కక్కేసింది. ముసుగులో చీకటిగా ఉంటుంది. బయటివాళ్ళకి నా ముఖం కనబడదు, సరే. లోపలుంటే నాకు నేనే లేనట్టుంటుంది. ఏదో అన్నాను. చెవులు ఇలా రిక్కించింది. ఇంకో మాట అన్నాను. తాగింది."

"మరి బతికాక మానేయాల్సింది కదా, మామయ్యగారూ?"

"మానేశాను. మర్నాడు నోరు మెదపకుండా సీసా పెడితే మూతి తిప్పేసింది."

"అంటే దానికప్పటికే అలవాటైపోయిందన్నమాట."

"దానికి కాదమ్మాయ్." టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పారు. "అది ఇంకో పూటకి ఆకలేసి ఊరికే తాగేసింది. అలవాటైంది నాకు."

కాలేజీలో వక్తృత్వంలో నాకెప్పుడూ మొదటి బహుమతే. ఆ పాకలో ఒక్క మాట దొరకలేదు.

"ఇంట్లో ఎందుకు మాట్లాడరు మీరు?" అన్నాను చివరికి, అలా అడగొచ్చో లేదో తెలియకుండానే.

"కుర్రతనం నుంచీ కొండ మీద సైగలే కదా. ఇంటికొచ్చి ఒక మాట వెతుక్కునేలోపు మీ అత్తయ్య ఇంకో పది అనేది. నా మాట పాతబడిపోయేది." ముఖంలో చిన్న నవ్వు వచ్చి, నిలవలేక పోయింది. "తర్వాత్తర్వాత, ఇన్నేళ్ళూ అనకుండా ఇప్పుడేం అంటాంలే అనిపించేది. మాటలు కూడా తలుపు బందుల్లాంటివే. వాడకపోతే తుప్పుపడతాయి."

వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించింది.

మొదట మా ఆయన అనుకున్నాను. కాదు. అత్తయ్య కంప్యూటరు మళ్ళీ తెరిచింది.

"...ఆవిడ జుట్టుకి రంగేసుకోవడం మానేసిందిరా. పొద్దున ఎండలో తలారబెట్టుకుంటోంది. మంచు పడ్డ కొండలా ఉంది. చాలా బాగుంది. చెబుదామనే వెళ్ళాను. ఏంటి నిలబడ్డారు, టీ కావాలా, అంది. ఊఁ అన్నాను. ఇప్పటికి రెండు టీలు తాగాను. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

మామయ్యగారు గ్లాసు నేలమీద పెట్టేశారు. లోపల మాట ఆగింది. ఆవిడ దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. మంచు పడ్డ కొండ, రెండు టీలు.

ఆయన లేవనూ లేదు, పారిపోనూ లేదు. పట్టుబడ్డ పిల్లాడిలా కూర్చుండిపోయారు. నేను గొలుసులకేసి చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి అత్తయ్య పాక గుమ్మంలోకొచ్చి నిలబడింది. ముఖం కడుక్కుంది, కానీ ఏడ్చిన సంగతి దాగలేదు. చెంగుతో తల తుడుచుకుంటున్నట్టు జుట్టు సర్దుకుంది.

"బాగుందా?"

మామయ్యగారు తలూపారు.

"తల ఊపితే ఎలుగుకి సరిపోతుంది. నాకు సరిపోదు."

ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి కాదు. బరువైన పెట్టె జరుపుతున్నప్పుడు వచ్చే చప్పుడులా ఉంది అది.

"బాగుంది," అన్నారు.

అత్తయ్య గుమ్మం చెక్క పట్టుకుంది. మళ్ళీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ బుజ్జోడు బోన్లో పడితే మీరు మళ్ళీ మూగబోతారు. నాకు తెలుసు. ఈసారి ఇంక తెరవరు. లేవండి. నేనూ వస్తాను."

*

వాగు కొండ మొదట్లో ఉంది. ఇటు జీపు బాట, టీకొట్టు, మా క్వార్టర్లు. అటు రాళ్ళు, పొదలు, పైకి పోయేకొద్దీ చెట్లు. వాగు దాటనంతవరకూ ఎలుగు అడవిది. దాటిందా, పై ఆఫీసుది.

డాక్టరమ్మ అత్తయ్యనీ నన్నూ జీపు పక్కనే నిలబెట్టింది. "ఇక్కణ్ణించి కదలకూడదు. నోరు ఎత్తకూడదు," అంది. మత్తు సూది తుపాకీ ఆవిడ భుజాన ఉంది. మా ఆయన రబ్బరు గుళ్ళ తుపాకీతో వాగు దాటి రాళ్ళ వెనక దాక్కున్నాడు. టోపీ అంచు మాత్రం కనబడుతోంది. ఆ టోపీ నేను కొన్నదే. ఇలాంటి పనికి వస్తుందని కొనలేదు.

మామయ్యగారు మోకాలి లోతు నీళ్ళు దాటి, అవతల బండ మీద కూర్చున్నారు. ముసుగు లేదు. తెల్లచొక్కా, బట్టతల, ఎండ.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

"బుజ్జోడా," అన్నారాయన.

నీళ్ళ చప్పుడులో మాకే సరిగ్గా వినబడలేదు.

"బుజ్జోడా, నేన్రా. ఎక్కడున్నావ్? ఎలా ఉంది పైన? నేరేడు చెట్లు కాసుంటాయి. తిన్నావా?"

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆయన మాట్లాడుతున్నారు. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడుముకోకుండా. మోకాలు నొప్పి గురించి చెప్పారు. కోడలు టీలో అల్లం ఎక్కువేస్తుందని చెప్పారు. కొడుకు మంచివాడని, కోపం తన పోలిక కాదని చెప్పారు. రాళ్ళ వెనక టోపీ కొంచెం కిందకి వంగింది.

పొదలు కదిలాయి.

గుప్పెడంత పిల్ల కాదది ఇప్పుడు. దూడంతయింది. నల్లటి ఒత్తు జుట్టు, రొమ్ము మీద తెల్లటి చార. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ముసుగు వాసన రాలేదేమో, ఒక్క క్షణం అనుమానపడింది. గొంతు మళ్ళీ వినగానే అనుమానం పోయింది. పరిగెత్తుకొచ్చింది. ఎంత సంబరంగా వచ్చిందంటే, నాకు తెలియకుండానే నవ్వు వచ్చి, వచ్చినందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చిక్కావేంట్రా," అన్నారు మామయ్యగారు.

తుపాకీ పేలింది.

అది కీచుమంది. అచ్చం పసిపిల్లలా. ఎగిరి పక్కకి పడి, లేచి, ఎటు పోవాలో తెలియక ఒక చుట్టు తిరిగింది. తర్వాత పరిగెత్తింది.

అడవిలోకి కాదు. ఆయన దగ్గరికి.

తల తీసుకెళ్ళి ఆయన చంకలో దూర్చేసింది. ఒళ్ళంతా వణుకుతోంది, వాగుకి ఇటునుంచి కూడా తెలుస్తోంది. దెబ్బ తగిలితే అది ఎక్కడికి పోతుంది? చిన్నప్పట్నుంచి చలేసినా, ఆకలేసినా, భయమేసినా పోయినచోటికే పోయింది. దానికి తెలిసిన అడవి ఆ ఒక్క గొంతే.

"ఏం లేదురా," అంటున్నారాయన, చెయ్యి దాని మెడ మీద వేసి. "ఏం లేదు, ఏం లేదు." అనకూడదని ఆయనకి తెలుసు. ఆగడం ఆయన చేతుల్లో లేదు.

"ఇంకోటి కొట్టనా?" మా ఆయన అరిచాడు.

"వద్దు!" అంది డాక్టరమ్మ. "కొట్టినకొద్దీ ఆయన్నే అంటుకుంటుంది. సార్, మాట ఆపండి. చెయ్యి తియ్యండి. లేచి వచ్చెయ్యండి. వెనక్కి చూడొద్దు."

మామయ్యగారు చెయ్యి తీశారు. లేచారు. అది ఆయన మోకాళ్ళకి అడ్డంపడింది. పక్కకి తప్పుకుని నీళ్ళలోకి దిగారు. మావైపే వస్తున్నారు కాబట్టి ఆయన ముఖం మాకే కనబడుతోంది. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. అయినా చదవగలిగాను.

రాకు. రాకురా. రాకు.

ఇటు గట్టెక్కారు. వెనక నీళ్ళు తపతపమన్నాయి.

"దిగింది," అంది డాక్టరమ్మ మెల్లగా, తుపాకీ భుజానికెత్తుతూ. "నీళ్ళలో ఉండగా సూది కొట్టకూడదు, మునిగిపోతుంది. ఇటు గట్టెక్కితే కొడతాను. ఎక్కకుండా చూడండి సార్. మీవల్లే అవుతుంది."

మా ఆయన అవతలి గట్టున రాళ్ళ వెనకనుంచి బయటికొచ్చేశాడు. తుపాకీ కింద పడేశాడు. "నాన్నా, వాగు మధ్యలో ఉంది. మీకోసం చూస్తోంది. ఎప్పుడూ ఎవర్నీ తిట్టలేదు మీరు. ఇవాళ ఒక్కసారి తిట్టండి నాన్నా! పొమ్మనండి!"

మామయ్యగారు నోరు తెరిచారు. ఇందాక అన్ని మాటలు పలికిన నోరు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచారు. గాలి మాత్రం వచ్చింది.

అత్తయ్య నా మణికట్టు వదిలేసింది. డాక్టరమ్మ వారిస్తున్నా వినకుండా గట్టు దగ్గరికి నడిచింది. వంగి ఒక రాయి తీసింది. నున్నటి రాయి, గుప్పిట్లో పట్టేంత. ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"ఏడుస్తూనే విసరండి," అంది. "కానీ తగిలేలా విసరండి."

ఆయన వెనక్కి తిరిగారు.

వాగు మధ్యలో ఎలుగు ఆగిపోయి చూస్తోంది. నీళ్ళు దాని రొమ్ము మీది తెల్లచారని తాకి రెండుపాయలుగా పోతున్నాయి. మామయ్యగారి చెయ్యి మెల్లగా పైకి లేచింది.

ఆ చెయ్యి చూసి, పిలుస్తున్నారనుకుంది కాబోలు. అది కూడా వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది.